విండోస్ పోయింది, ఫైళ్లు పోలేదు

పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, కంపెనీ లోగో కూడా వస్తుంది. విండోస్ మాత్రం రాదు. తెర నల్లగా ఉండిపోతుంది, లేదా నీలంగా మారి ఇంగ్లిష్‌లో ఏదో చెప్పి ఆగిపోతుంది, అదీ కాకపోతే తెల్ల చుక్కలు గంట గడిచినా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. వాడుకలో దీన్ని ‘విండోస్ ఎగిరిపోయింది’ అనో ‘ఓఎస్ కరప్ట్ అయింది’ అనో అంటారు. రిపేరు షాపులో వచ్చే జవాబు దాదాపు ఖాయం: ‘ఫార్మాట్ కొట్టాలి, డేటా ఏమైనా కావాలా?’ ఆ రెండో ముక్క అడిగే షాపు మంచి షాపు. అడగనివీ ఉంటాయి.

ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోవడం వేరు, డిస్కులో ఉన్న ఫైళ్లు పోవడం వేరు. విండోస్ అంటే సీ డ్రైవ్‌లో ‘విండోస్’ అనే ఫోల్డర్‌లో ఉండే వేలకొద్దీ ఫైళ్లు. పెళ్లి ఫొటోలు, ఆఫీసు ఉత్తరాలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ఉండేది ‘యూజర్స్’ అనే మరో ఫోల్డర్‌లో. మొదటి ఫోల్డర్‌లో ఒక్క ముఖ్యమైన ఫైలు చెడినా మెషీన్ లేవదు. రెండో ఫోల్డర్ మాత్రం అక్కడే, చెక్కుచెదరకుండా ఉండవచ్చు. చాలాసార్లు ఉంటుంది కూడా. అందుకే బాగుచేసేవాళ్లు పాటించాల్సిన క్రమం ఒకటుంది. ముందు లోపం ఎక్కడో చూడాలి, తర్వాత ఫైళ్లు బయటికి తీయాలి, ఆ తర్వాతే మరమ్మతు మొదలుపెట్టాలి. మరమ్మతులోనూ తక్కువ చెరిపే పని ముందు, ఎక్కువ చెరిపే పని చివర. ఫార్మాట్ ఈ వరసలో ఆఖరిది.

కంప్యూటర్ లేచే తీరు

ఎక్కడ ఆగిందో తెలియాలంటే ఎలా లేస్తుందో తెలియాలి. కరెంటు అందగానే మొదట నడిచేది విండోస్ కాదు, మదర్‌బోర్డు మీద ఒక చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పటి నుంచి దీన్ని బయోస్ అన్నారు. ఇప్పటి మెషీన్లలో ఉన్నది యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి, కానీ షాపుల్లోనూ ఇళ్లలోనూ దాన్నీ బయోస్ అనే పిలుస్తారు. అది ర్యామ్, కీబోర్డు, డిస్కు ఉన్నాయో లేదో చూసుకుని, డిస్కు మీద విండోస్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్ కోసం, అంటే బూట్ లోడర్ కోసం, వెతుకుతుంది. పాత పద్ధతిలో అది డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో మొదలవుతుంది. కొత్త పద్ధతిలో దానికి విడిగా చిన్న పార్టిషన్ ఉంటుంది, విండోస్ మామూలుగా 100 ఎంబీ కేటాయిస్తుంది. అది ‘దిస్ పీసీ’ తెరిస్తే కనిపించదు, కాబట్టి ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. అక్కడి బూట్ మేనేజర్ బీసీడీ అనే చిన్న పట్టిక చూసి విండోస్ ఏ పార్టిషన్‌లో ఉందో తెలుసుకుంటుంది. అప్పుడు విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, దానితోపాటు అత్యవసరమైన డ్రైవర్లు మెమరీలోకి ఎక్కుతాయి. ఆఖరున లాగిన్ తెర వస్తుంది.

ఈ వరసలో ఏ మెట్టు దగ్గర ఆగిందో తెరే చెబుతుంది. ఏమీ రాకుండా, లోగో కూడా లేకుండా, బీప్ శబ్దాలు మాత్రం వస్తుంటే విండోస్‌కు ఆ గొడవతో సంబంధం లేదు. డెస్క్‌టాప్ అయితే చాలాసార్లు ర్యామ్ దగ్గరే తేలుతుంది. కరెంటు తీగ పీకేసి, ర్యామ్ ముక్క బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, రెండు పక్కల క్లిప్పులూ టక్కుమనేలా మళ్లీ బిగిస్తారు. ఎన్నో పాత సిస్టమ్‌లు దీంతోనే లేస్తాయి. హైదరాబాద్‌లోని కోటి, అమీర్‌పేట షాపుల్లో పనిచేసే కుర్రాడు ఎవరైనా ముందు చేసేది ఇదే.

లోగో వచ్చి, తర్వాత ‘నో బూటబుల్ డివైస్’ అనో ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ అనో వస్తే బయోస్ దాకా అంతా బాగుంది, బూట్ లోడర్ దొరకలేదన్నమాట. ముందు పెన్ డ్రైవ్ ఏదైనా గుచ్చి ఉందేమో చూసి తీసేయాలి. వినడానికి నవ్వొచ్చినా, దీంతో తేలిపోయే కేసులు కొన్ని ఉంటాయి. తర్వాత బయోస్ తెరిచి, డిస్కు పేరు అక్కడ కనిపిస్తోందా అని చూడాలి. కనిపించకపోతే లోపం డిస్కుదో, కేబుల్‌దో. కనిపిస్తుంటే డిస్కు బతికే ఉంది, లోపం సాఫ్ట్‌వేర్‌దో సెట్టింగులదో. అయిదారేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లలో తేదీ, టైము కూడా వెనక్కి వెళ్లిపోయి ఉంటే మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది అయిపోతే బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి మారతాయి. యూఈఎఫ్‌ఐ పద్ధతిలో పెట్టిన విండోస్‌ను పాత పద్ధతిలో వెతికితే దొరకదు. కొత్త బ్యాటరీ వేసి సెట్టింగు సరిచేస్తే సరిపోయేదానికి ఫార్మాట్ దాకా వెళ్లిన సందర్భాలు తక్కువేమీ కాదు.

నీలి తెర వస్తే బూట్ లోడర్ తన పని ముగించింది, విండోస్ లేస్తూ లేస్తూ పడింది. ఇటీవలి విండోస్ 11లో ఈ తెర నల్లగా మారింది, అర్థం మాత్రం అదే. దాని మీద ఉండే స్టాప్ కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటే కెర్నల్ నడవడం మొదలైంది గానీ, తన డిస్కును తాను చదవలేకపోతోంది. డిస్కు చెడినా ఇది వస్తుంది, బయోస్‌లో స్టోరేజ్ సెట్టింగు ఎవరైనా మార్చినా వస్తుంది. ‘క్రిటికల్ ప్రాసెస్ డైడ్’ అంటే తప్పనిసరిగా నడవాల్సిన ఒక ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయింది. కోడ్ కన్నా ఎక్కువ పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది: ఆఖరుసారి బాగా పనిచేసిన తర్వాత ఈ కంప్యూటర్‌లో ఏం మారింది? అప్‌డేట్ వచ్చిందా, కొత్త ప్రింటర్ డ్రైవర్ వేశారా, అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయిందా? జవాబు దొరికితే సగం పని అయినట్టే.

ముందు ఫైళ్లు

మరమ్మతుకు దిగే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది డిస్కు ఆరోగ్యం. పాత హార్డ్ డిస్కు నుంచి టక్ టక్ మని క్రమం తప్పకుండా శబ్దం వస్తుంటే దాన్ని ఇంకోసారి ఆన్ చేయడమే ప్రమాదం. లోపల తిరిగే పళ్లేల మీద చదివే తల దెబ్బతిని ఉండవచ్చు, నడిచిన ప్రతి నిమిషం ఇంకొంత గీసుకుపోవచ్చు. ముఖ్యమైన ఫైళ్లు ఉంటే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వాలి. అలాంటి డిస్కు మీద విండోస్‌లోని ‘చెక్‌డిస్క్’ పరీక్ష నడపడం మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని. అది డిస్కును తెగ చదివిస్తుంది, చావబోయే డిస్కు ఆ శ్రమలోనే చావవచ్చు. తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీకి ఈ శబ్దాలు ఉండవు. అది చెడేటప్పుడు చాలాసార్లు ముందస్తు హెచ్చరిక లేకుండా బయోస్ నుంచే మాయమవుతుంది. పైగా ఎస్‌ఎస్‌డీలో చెరిపేసిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు లోపల్లోపలే శుభ్రం చేసేస్తుంది. హార్డ్ డిస్కును పొరపాటున ఫార్మాట్ చేసినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంత తిరిగి రాబట్టవచ్చు, ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ చాలా తక్కువ. ‘ఫార్మాట్ అయినా రికవర్ చేసుకోవచ్చులే’ అన్న మాట ఒకప్పుడు కొంత నిజం, ఎస్‌ఎస్‌డీలు వచ్చాక కాదు.

రెండోది బిట్‌లాకర్. డిస్కు మీది సమాచారాన్నంతా గుప్తలిపిలోకి మార్చి దాచే ఏర్పాటు ఇది. ల్యాప్‌టాప్ దొంగ చేతికి చిక్కినా ఫైళ్లు చిక్కకుండా ఉండాలని పెట్టారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషీన్లలో ఇది దానంతటదే ఆన్ అవుతుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. సొంతదారుకు తెలియకుండానే తాళం పడిపోతుందన్నమాట. విండోస్ మామూలుగా లేస్తున్నంతకాలం ఏమీ అడగదు. లేవడం మానేసినప్పుడు, విండోస్ రికవరీ అనే మరమ్మతు తెరలోకి వెళ్లగానే, 48 అంకెల కీ అడుగుతుంది. ఆరేసి అంకెలు చొప్పున ఎనిమిది గుంపులు. ఒక్కో గుంపూ 11తో భాగించబడేలా ఉంటుంది, టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పితే అక్కడికక్కడే పట్టుకోవడానికి ఆ ఏర్పాటు. ఈ కీ ఎక్కువగా సొంతదారు మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతాలోకి లాగిన్ అయి చూడవచ్చు. ఖాతాలో ఒకటి కన్నా ఎక్కువ కీలు కనిపిస్తే, తెర మీది కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోల్చుకోవాలి. ల్యాప్‌టాప్ కొన్నరోజు షాపువాళ్లే ఏదో మెయిల్ ఐడీ సృష్టించి సెటప్ చేసిచ్చి ఉంటే, ఆ ఐడీ ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. కీ లేకుండా ఆ ఫైళ్లు తెరవడం మైక్రోసాఫ్ట్ వల్ల కూడా కాదు.

ఇక ఫైళ్లు తీసే మార్గాలు. మెషీన్ విండోస్ రికవరీ తెర దాకా వస్తే (అక్కడికి చేరే దారి తర్వాతి భాగంలో ఉంది) వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండానే పని జరుగుతుంది. రికవరీలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ‘నోట్‌ప్యాడ్’ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే డిస్కులోని ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి. కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ అని, అదే కిటికీలో పెన్ డ్రైవ్ తెరిచి పేస్ట్ చేయవచ్చు. ఎంత కాపీ అయిందో చూపే గీత రాదు, కాబట్టి పెద్ద ఫోల్డర్ అయితే అంతా ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఓపిక పట్టాలి. రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. రోజూ సీ అని పిలిచేది అక్కడ డీ అయి కూర్చోవచ్చు.

రికవరీ కూడా రాకపోతే ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్నుంచి మెషీన్ లేపవచ్చు. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ‘ట్రై’ అన్నది ఎంచుకుంటే పెన్ డ్రైవ్ నుంచే నడుస్తుంది. విండోస్ డిస్కు అందులో ఒక ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. విండోస్ సగంలో ఆగిపోయి ఉంటే ఆ డిస్కును చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. కాపీ చేసుకోవడానికి అది చాలు, ఒకరకంగా మేలు కూడా. మూడో దారి డిస్కునే బయటికి తీసి, యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించడం. ఇది షాపువాళ్లకు చేతిలో పని.

మరమ్మతు తెర

ఇప్పటి విండోస్‌తోపాటే ఒక రికవరీ వాతావరణం మామూలుగా విడి పార్టిషన్‌లో కూర్చుని ఉంటుంది. వరసగా రెండుసార్లు విండోస్ లేవలేకపోతే తర్వాతిసారి అదే తెరుచుకుంటుంది. కావాలని రప్పించాలంటే, లోగో వచ్చి చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్‌ను పది సెకన్లపాటు నొక్కి పట్టి ఆపేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేయాలి. దీనికీ రాకపోతే బాగా పనిచేస్తున్న ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దింపుకుని, కనీసం 8 జీబీ పెన్ డ్రైవ్ మీద విండోస్ ఎక్కించుకోవాలి. ఆ పెన్ డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది. ఆ పెన్ డ్రైవ్‌తో లేవడానికి బూట్ మెనూ మీట డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసుస్‌లో ఎస్కేప్. తెర మీద ‘ఇన్‌స్టాల్’ అని కనిపించినా కంగారుపడనక్కర్లేదు, అక్కడే ‘రిపేర్’ అన్నది కూడా ఉంటుంది.

లోపల మొదట ఉండేది స్టార్టప్ రిపేర్. అది ఫైళ్ల జోలికి పోదు కాబట్టి నడిపి చూడడంలో నష్టం లేదు, చాలాసార్లు ‘బాగుచేయలేకపోయాను’ అని చెప్పి తప్పుకోవడం వేరే సంగతి. అప్‌డేట్ తర్వాత మొదలైన తంటా అయితే ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ నేరుగా పనికొస్తుంది. సిస్టమ్ రిస్టోర్ 2000లో విండోస్ మిలీనియంతో వచ్చిన పాత చుట్టం. సిస్టమ్ ఫైళ్లనూ, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీనీ ఒక పాత తేదీ నాటి స్థితికి తీసుకెళ్తుంది, సొంత పత్రాలను ముట్టుకోదు. చాలా కంప్యూటర్లలో దీన్ని ఆన్ చేసి ఉండరు, అందుకే అవసరం పడిన రోజు రిస్టోర్ పాయింట్ ఒక్కటీ కనిపించదు.

సేఫ్ మోడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీస్టార్ట్ చేసి 4 నొక్కితే విండోస్ అతి తక్కువ డ్రైవర్లతో లేస్తుంది. తెర అక్షరాలు పెద్దవిగా, వికారంగా ఉంటాయి, వైఫై ఉండదు. ఇందులో లేచిందంటే విండోస్ మూలం బాగానే ఉందని, తంటా తెచ్చింది తర్వాత వచ్చిన ఏదో డ్రైవరో ప్రోగ్రామో అని తేలిపోతుంది. దాన్ని తీసేసి రీస్టార్ట్ చేస్తే కథ ముగుస్తుంది. 

బూట్ లోడరే చెడితే కమాండ్ ప్రాంప్ట్ తప్పదు. యూట్యూబ్ వీడియోల్లో ఎక్కువగా చెప్పేది ‘బూట్‌రెక్’ ఆదేశం. యూఈఎఫ్‌ఐ మెషీన్లలో అందులోని ఫిక్స్‌బూట్ తరచుగా ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని తిరిగొస్తుంది, వీడియో చూసినవాళ్లు అక్కడే ఆశ వదులుకుంటారు. అలాంటి చోట పనికొచ్చేది ‘బీసీడీబూట్’. విండోస్ ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉందో చెబితే, అందులోంచి బూట్ ఫైళ్లను తీసి ఆ చిన్న పార్టిషన్‌లో కొత్తగా రాస్తుంది. విండోస్ ఫైళ్లే చెడితే వాటిని సరిచేయడానికి ‘ఎస్‌ఎఫ్‌సీ’, దానికి లొంగకపోతే ‘డిస్మ్’ ఆదేశాలు ఉన్నాయి. ఈ ఆదేశాల్లో డ్రైవ్ అక్షరం తప్పితే పని జరగదు గానీ ప్రమాదం లేదు. పార్టిషన్లను మార్చే ‘డిస్క్‌పార్ట్’లో ‘క్లీన్’ అని కొడితే మాత్రం ఎంచుకున్న డిస్కు మీది పార్టిషన్లన్నీ అడక్కుండానే పోతాయి.

ఒక్క ఫైలు, 85 లక్షల కంప్యూటర్లు

సేఫ్ మోడ్ విలువ ప్రపంచానికంతటికీ తెలిసొచ్చిన రోజు 2024 జూలై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ సైబర్ భద్రతా సంస్థ ఫాల్కన్ అనే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. విమానయాన సంస్థలు, బ్యాంకులు, ఆసుపత్రులు వాడేది, ఇళ్లలో ఉండేది కాదు. వైరస్‌లకన్నా ముందే కాపలా కాయాలి కాబట్టి దాని డ్రైవర్ విండోస్ కెర్నల్‌లో, బూట్ సమయంలోనే ఎక్కుతుంది. ఆ రోజు భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి ఆ సంస్థ ‘ఛానెల్ ఫైల్ 291’ అనే చిన్న అప్‌డేట్ వదిలింది. అందులోని నియమం 21 విలువలను చూడమంటుంది, డ్రైవర్ అందించేవి 20. లేని 21వదాని కోసం తనది కాని మెమరీలోకి చేయి పెట్టింది. మామూలు ప్రోగ్రామ్ ఇలా చేస్తే విండోస్ దాన్నొక్కదాన్నే మూసేస్తుంది. కెర్నల్‌లో ఉన్నది చేస్తే మొత్తం మెషీన్‌నే ఆపేస్తుంది. రీస్టార్ట్ చేస్తే ఆ డ్రైవర్ మళ్లీ ముందే ఎక్కుతుంది, మళ్లీ నీలి తెర.

10:57కి, అంటే 78 నిమిషాల్లో, సంస్థ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. అప్పటికే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ప్రపంచంలోని విండోస్ మెషీన్లలో అది ఒక శాతం కూడా కాదు. అయినా విమానాలు ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో ప్రయాణికుల చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు వచ్చాయి. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ ఒక్కటే అయిదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసుకుంది.

మందు మాత్రం చాలా చిన్నది. సేఫ్ మోడ్‌లోకో కమాండ్ ప్రాంప్ట్‌లోకో వెళ్లి, సిస్టమ్32లో డ్రైవర్స్ ఫోల్డర్, అందులో క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్ తెరిచి, పేరు ‘సీ-00000291’తో మొదలయ్యే ఫైలును చెరిపేసి రీస్టార్ట్ చేయాలి. తెలిసినవాళ్లకు అయిదు నిమిషాల పని. అయితే లేవని కంప్యూటర్‌ను దూరం నుంచి బాగుచేయలేరు, ప్రతి దాని ముందుకూ ఒక మనిషి వెళ్లాలి. వెళ్తే బిట్‌లాకర్ కీ అడుగుతుంది. 48 అంకెలు, ఒక్కో మెషీన్‌కు ఒక్కో కీ. కొన్ని సంస్థల్లో ఆ కీలు దాచిన సర్వర్లు కూడా అదే నీలి తెర మీద ఆగి ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు నుంచి విదేశీ కంపెనీల కంప్యూటర్లు చూసే సపోర్టు ఉద్యోగులు ఫోన్‌లో అవతలివాళ్లకు అంకెలు ఒక్కొక్కటిగా చదివి చెప్పాల్సిన రకం పని అది. క్లౌడ్‌లోని మెషీన్లను పదిహేనుసార్ల దాకా రీస్టార్ట్ చేస్తే కొన్ని లేస్తున్నాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కొత్త ఫైలు నెట్ ద్వారా అందేలోపు పాతది పడగొడుతోంది, ఏదో ఒకసారి కొత్తదే ముందు అందుతుంది.

ఆ అనుభవంతో మైక్రోసాఫ్ట్ 2025లో విండోస్ 11కు ‘క్విక్ మెషీన్ రికవరీ’ అనే ఏర్పాటు చేర్చింది. లేవలేని మెషీన్ రికవరీ తెరలోంచే నెట్‌కు తగులుకుని, అదే జబ్బు చాలా మెషీన్లకు వచ్చి ఉంటే దాని మందును దింపుకుంటుంది. ఒక్క ఇంట్లో, ఒక్క కంప్యూటర్‌కు వచ్చిన తంటాకు ఇది పెద్దగా పనికిరాదు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే

పై ప్రయత్నాలేవీ ఫలించకపోతే విండోస్‌ను కొత్తగా పెట్టాలి. ఇందులోనూ రెండు మెట్లున్నాయి. రికవరీలోని ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే యూజర్స్ ఫోల్డర్‌లోని పత్రాలు ఉంటాయి, వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకుంటే దాదాపు 4 జీబీ దింపుకుంటుంది. డిస్కులో ఉన్న విండోస్ ఫైళ్లే చెడ్డవైతే అదే మంచిది.

రెండో మెట్టు పెన్ డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్. ఇక్కడ కూడా సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకుండా దాని మీదే ఇన్‌స్టాల్ చేస్తే పాత విండోస్, పాత యూజర్స్ ఫోల్డర్ అన్నీ ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్‌లోకి చేరతాయి. కావాల్సినవి అందులోంచి తీసుకోవచ్చు. కొన్నాళ్లకు విండోస్ దాన్ని దానంతటదే చెరిపేస్తుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఇన్‌స్టాల్ తెర మీద అసలు డిస్కే కనిపించదు. డిస్కు పోయిందనుకుని కొత్తది కొనే ముందు, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపి పెన్ డ్రైవ్‌లో పెట్టి ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూడాలి.

మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్‌లలో డిస్కును సీ, డీ, ఈ అని విడగొట్టి, ‘ముఖ్యమైనవన్నీ డీలో పెట్టుకోండి, సీ ఫార్మాట్ చేసినా పోవు’ అని చెప్పే అలవాటు ఉంది. సలహా మంచిదే. కానీ చాలామంది ఫైళ్లు పెట్టేది డెస్క్‌టాప్ మీద, డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లో. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ కూడా అక్కడే. ట్యాలీ ప్రైమ్ వాడే దుకాణాల లెక్కలు సైతం ఎవరూ మార్చకపోతే సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటాయి. పైగా డిస్కే పోతే సీతోపాటు డీ కూడా పోతుంది, అవి రెండూ ఒకే డిస్కు మీది గీతలు. డీటీపీ సెంటర్లకు ఇంకో ఇబ్బంది. పేజ్‌మేకర్ ఫైళ్లు భద్రంగా ఉన్నా, అను ఫాంట్లు లేని కొత్త విండోస్‌లో తెరిస్తే తెలుగు పేజీ అంతా అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. ఫైలు చెడలేదు, ఫాంట్లు తిరిగి వేస్తే అక్షరాలు వచ్చేస్తాయి. అందుకే ఫార్మాట్‌కు ముందు ఫాంట్ల ఫోల్డర్ కూడా కాపీ చేసుకోవాలి.

విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌కు మళ్లీ లైసెన్స్ కొనక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి ఆ కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటోంది, అదే ఎడిషన్ ఇన్‌స్టాల్ చేసి నెట్‌కు తగిలిస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఈ సంగతి తెలియక, అసలు విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో క్రాక్ విండోస్ వేయించుకునేవాళ్లున్నారు. ఆ క్రాక్‌లు నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటాయి, దాని వెంట ఏమొస్తుందో వేసినవాళ్లకు కూడా తెలియదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇప్పుడు కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెషీన్ ఒప్పుకుంటే 11 వేయడమే మేలు.

ఆపిల్ మ్యాక్‌లలో ఇదంతా కొంత తేలిక. ఎం శ్రేణి చిప్ ఉన్నవాటిలో పవర్ బటన్ నొక్కి పట్టి ఉంచితే రికవరీ వస్తుంది, పాత ఇంటెల్ మ్యాక్‌లలో కమాండ్, ఆర్ మీటలు కలిపి నొక్కాలి. ఫైళ్లు ముట్టుకోకుండా మ్యాక్‌ఓఎస్‌ను దాని మీదే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. లినక్స్‌లో అప్‌డేట్ తర్వాత లేవకపోతే దాని బూట్ లోడర్ అయిన గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే చాలాసార్లు లేస్తుంది.

మెషీన్ బాగున్న రోజునే చేసి పెట్టుకోవాల్సినవి మూడే. విండోస్ రికవరీ డ్రైవ్ ఒకటి పెన్ డ్రైవ్‌లో తయారుచేసుకోవడం, సిస్టమ్ రిస్టోర్ ఆన్ చేయడం, బిట్‌లాకర్ కీని కాగితం మీద ప్రింటు తీయడం. కీని అదే ల్యాప్‌టాప్‌లో ఫైలుగా దాచుకుంటే ప్రయోజనం లేదు. ఇవి కాక, ఫైళ్ల నకలు ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంచాలి. ఎక్స్‌టర్నల్ డిస్కును కాపీ అవగానే పీకేయాలి, ఎప్పుడూ తగిలించి ఉంచితే కంప్యూటర్‌లోకి దూరిన రాన్సమ్‌వేర్, అంటే డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే ప్రోగ్రామ్, దాన్నీ కలిపి లాక్ చేస్తుంది. ట్యాలీలో బ్యాకప్ తీసే దుకాణదారులు ఆ ఫైలును ఇంకో కంప్యూటర్‌లో ఒకసారి రిస్టోర్ చేసి, నిన్నటి బిల్లు అందులో కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.